అరవై అయిదు డిగ్రీల దగ్గర

"ఈవిడ దొంగ సార్. నా లెక్కలు ఎత్తుకొచ్చి మీకు అమ్మజూపుతోంది" అన్నాడు గోపీకృష్ణ, వీణ ముఖం మీదే, వేలు చూపించి మరీ.

ఢిల్లీ ద్వారకలో జీపుల క్లబ్బు వాళ్ల షెడ్డు అది. కుర్చీలో కూర్చున్నాయన పద్మనాభం. ఆర్మీ వర్క్‌షాపులో ముప్ఫై ఏళ్లు ఇంజన్లు విప్పి రిటైరైన సుబేదారు, క్లబ్బుకు పెద్ద. ఆరు పాత జీపులకు ఇంజన్‌ను నడిపే కంపెనీ కంప్యూటర్ తీసేసి కొత్తది బిగించే పని ఎవరికివ్వాలో ఆయనే తేల్చాలి. పని దక్కినవాళ్లకు ఏడాది తిండికి లోటుండదు. దొంగని తేలినవాళ్ల చేతికి ఢిల్లీలో ఇంకెవరూ బండి తాళం ఇవ్వరు.

తగువంతా ఒక పట్టిక మీద. ఇంజన్ వేడి చెప్పే సెన్సర్ కంపెనీది. దాని భాష కొత్త కంప్యూటర్‌కు తెలియదు. ఎంత వేడికి ఎన్ని ఓములు చూపిస్తుందో ఎవరో ఒకరు దాన్ని నీళ్లలో మరిగించి, అయిదేసి డిగ్రీలకోసారి కొలిచి, పట్టిక రాసివ్వాలి. ఆ పట్టిక తప్పయితే ఫ్యాను తిరగదు, ఇంజన్ ఉడికిపోతుంది.

ఆ పట్టిక తయారుచేసింది వీణే. ఆ సంగతి గోపీకృష్ణకు శుభ్రంగా తెలుసు. మూడు నెలల కిందటి దాకా ఇద్దరూ మాయాపురిలో ఒకే గ్యారేజీలో పనిచేశారు. తను పని మానేసిన రోజు సాయంత్రం, ఆమె చేతులు కడుక్కోవడానికి వెళ్లినప్పుడు, ఆమె లాప్‌టాప్‌లోంచి ఆ పట్టికను పెన్‌డ్రైవ్‌లోకి దించుకున్నాడు. అంకెల మీద పేర్లుండవు కదా అని ధైర్యం. దొంగే ముందుగా దొంగా దొంగా అని అరిస్తే సగం గెలిచినట్టేనని కూడా అతని నమ్మకం.

అసలు వీణ అంటేనే అతనికి మొదట్నుంచీ ఒళ్లుమంట. టీ కెటిల్‌లో సెన్సర్ వేలాడదీసుకుని గంటల తరబడి కూర్చునేది. ఆకలేస్తే అదే కెటిల్‌లో గుడ్లు ఉడకబెట్టుకు తినేది. ఆ నీచు వాసనకు అతను గ్యారేజీలో టీ తాగడమే మానేశాడు.

పద్మనాభం ఇద్దరూ ఇచ్చిన పట్టికలు పక్కపక్కన పెట్టుకుని వేలితో ఒక్కో అంకె చూసుకుంటూ వచ్చాడు. అన్నీ ఒకటే. ఒక్కచోట మాత్రం తేడా. వేడి పెరిగేకొద్దీ ఓములు తగ్గాలి. వీణ పట్టికలో అలాగే తగ్గాయి. గోపీకృష్ణ దాంట్లో అరవై అయిదు దగ్గర ఉన్నట్టుండి పైకి లేచి, మళ్లీ దిగాయి.

"ఇదేంది అబ్బీ? తగ్గాల్సింది ఈడ యాల లేచింది?"

గోపీకృష్ణ ఇన్నాళ్లూ ఆ అంకె వైపు కన్నెత్తి చూడలేదు. కానీ నోరున్నవాడు, ఇట్టే తేరుకున్నాడు.

"అక్కడే దొరికిపోయింది సార్ ఈవిడ. ఈ సెన్సర్ గుణమే అంత. నేను మూడుసార్లు మరిగించి చూశాను, మూడుసార్లూ అక్కడే లేచింది. స్వయంగా కొలిచినోడికే తెలుస్తుందది. ఈవిడ నాది కొట్టేసి, పట్టుబడకుండా ఆ ఒక్క అంకె దిద్దుకుంది."

చుట్టూ నిలబడ్డ క్లబ్బువాళ్లు తలలూపారు. బాత్ తో ఠీక్ హై అన్నాడొకాయన. దాంతో గోపీకృష్ణ ఇంకా రెచ్చిపోయాడు. వంట చేసుకోవాల్సిన మనిషికి ఇంజన్లెందుకన్నాడు. ఇలాంటివాళ్లను షెడ్డు గడప తొక్కనివ్వకూడదన్నాడు. వీణ తన సంచీ దగ్గరికి లాక్కుంది.

మూడుసార్లు కొలిచానని కాగితం మీద రాసిస్తావా అని పద్మనాభం అడిగాడు. గోపీకృష్ణ అక్కడికక్కడే రాసి, సంతకం పెట్టి, తేదీ కూడా వేశాడు.

"అయిపోయిందా సంతకం?" అంది వీణ. "గిప్పుడు ఇది సూడుండ్రి అంకుల్."

సంచీలోంచి నూనె మరకల నోటు పుస్తకం తీసి, ఒక పేజీ తెరిచి ఇచ్చింది. మాయాపురి గ్యారేజీలో ఎవరి పని వాళ్లు రాసుకోవాలి, సాయంత్రం యజమాని సంతకం పెట్టాలి. ఆ పేజీ కింద ఆయన సంతకం ఉంది. పైన తేదీ గోపీకృష్ణ పని మానేసిన రోజుది. పద్మనాభం కళ్లజోడు సర్దుకుని, చివరి వరుస అందరికీ వినబడేలా చదివాడు.

"అరవై అయిదు డిగ్రీలు. ఆకలికి ఆగలేక ఫ్రిజ్‌లోంచి రెండు గుడ్లు తీసి కెటిల్‌ల వేసిన. చల్లగ పోయి సెన్సర్‌కు తగిలినయ్, ఓములు పైకి లేచినయ్. ఈ అంకె తప్పు, రేపు మళ్ల కొలవాలె."