సానకు కూలి

"నా కొడుకు పేరు చెప్పకపోయావో, ఆ సానరాయికే నీ తల ఆనించి తిప్పుతాను అత్తా!"

కోడలు గుమ్మానికి అడ్డంగా నిలబడి అరిచింది. అత్త సానచక్రం తొక్కుతూనే ఉంది. అత్తాకోడళ్లు ఒకరి మీద ఒకరు కత్తులు నూరుకోవడం లోకంలో ఉన్నదే. ఈ ఇంట్లో మాత్రం అత్త నిజంగానే నూరుతోంది, అదీ యుద్ధదేవత కత్తి. ఎదుటపడితే ‘దేవతా’ అని దణ్ణం పెట్టే జనం, ఆమె వీపు తిప్పగానే ‘కోతలమ్మ’ అంటారు.

ఏటికి అటూ ఇటూ రెండు సైన్యాలు దిగి ఉన్నాయి. ఎవరెన్ని ఈటెలు విసిరినా ఆ కత్తి తగలనిదే ఏ పక్కా ఒక్క ప్రాణం పోదు. ఆ కత్తికి మనిషి చేత్తోనే సాన పట్టాలి. పట్టినందుకు కూలి ఒక ప్రాణం. సాన పట్టినవాళ్లు ఎవర్ని అడిగితే ఆ ఒక్క మనిషిని దేవత ముట్టదు.

"పోయినసారి ఇద్దరు కొడుకులుంటే పెద్దాడి పేరు చెప్పావు. నా మొగుడు పోయాడు. ఇప్పుడు బావగారూ, నా కొడుకూ ఇద్దరూ ఆ ఏటి ఒడ్డునే ఉన్నారు. ఎవర్ని అడుగుతావ్?"

అత్త కత్తిని తిరగేసి రెండో వైపు రాయికి ఆనించింది.

"నీళ్లు పొయ్యి."

"పొయ్యను."

"రాయి వేడెక్కితే అంచు పాడవుతుంది. అంచు పాడైతే కూలి లేదు. నీ ఇష్టం."

కోడలు పళ్లు నూరుతూ చెంబెత్తి రాయి మీద నీళ్లు పోసింది. తన కొడుకును చంపబోయే కత్తికి తనే నీళ్లు పొయ్యాల్సి వచ్చినందుకు ఆమెకు ఏడుపొచ్చింది.

అంతలో తలుపు ఊడి లోపల పడింది. తలుపు తట్టే అలవాటు దేవతకు లేదు. కాలిన వెంట్రుకల కంపు ఆమెకంటే ముందే గదిలోకి వచ్చింది.

"అయిందా ముసలీ? అక్కడ రెండు సైన్యాలూ నా కోసం కాచుక్కూర్చున్నాయి."

"గడియ తీసే ఉంది తల్లీ. నెడితే సరిపోయేది."

"సరిపోయే పనులు నేను చెయ్యను."

దేవత చెయ్యి చాచి కోడలి తలలోంచి ఒక వెంట్రుక పీకి కత్తి అంచు మీద వదిలింది. వెంట్రుక రెండు ముక్కలైంది. దేవత కళ్లు మెరిశాయి. కత్తి అందుకుని గుమ్మం వైపు తిరిగింది.

"కూలి" అంది అత్త.

దేవత ముఖం చిట్లించి వెనక్కి వచ్చింది. అరచెయ్యి సానరాయి మీద ఆనించింది.

"ఒక్క మనిషిని అడుగు. ఆ మనిషిని ముట్టను. మాట తప్పితే నా కత్తి నా చేతినే తెగ్గోస్తుంది. కానీ నా దగ్గర తెలివితేటలు వద్దు. మొన్నొక ఊళ్లో సాన పట్టినవాడు ‘అందర్నీ వదిలెయ్’ అన్నాడు. వాడితోనే మొదలుపెట్టాను."

"ఒక్కరే తల్లీ. ఇద్దర్ని అడగను."

"అయితే చెవిలో చెప్పు. పైకి చెబితే చెల్లదు."

కోడలు గభాల్న అత్త కాళ్లమీద పడింది. ఇందాక తల సానరాయికి ఆనిస్తానన్న మనిషే. "అత్తా, వాడికింకా మీసమైనా సరిగ్గా రాలేదు. నీ మనవడే కదా. ఈ ఒక్కసారి నా మాట విను."

అత్త కాళ్లు వెనక్కి లాక్కుంది. వంగిన దేవత చెవిలో ఏదో చెప్పింది. ఒక పేరు చెప్పడానికి పట్టేదానికంటే కాస్త ఎక్కువసేపే చెప్పింది. దేవత మనసప్పుడే ఏటి ఒడ్డుకు వెళ్లిపోయింది.

"సరే, ఇచ్చాను" అంది.

కోడలికి అర్థమైపోయింది. మనవడి పేరే అయితే ఆ కాళ్లు ఎందుకు లాక్కుంటుంది?

"పెద్దకొడుకునే అడిగావు కదూ! కడుపుతీపి నీ ఒక్కదానికేనా? నాది కడుపు కాదా? నీ చేతులు పడిపోనూ!" అంటూ అత్త జుట్టు పట్టుకుంది.

"అబ్బ, చెవులు చిల్లులు పడుతున్నాయి" అంది దేవత. "పద, ఇక్కణ్ణించే మొదలుపెడదాం."

కత్తి లేచింది. కోడలి మెడ మీదికి దిగింది. మెడకు వేలెడు దూరంలో ఆగిపోయింది. దేవత బలంకొద్దీ నొక్కింది. కత్తి కదల్లేదు, ఆమె అరచేతిలోంచి నెత్తురు కారింది. ఉక్రోషంతో కత్తిని అత్త మీదికి తిప్పింది. అక్కడా ఆగిపోయింది. ఈసారి నెత్తురు మోచేతిదాకా పాకింది.

దేవత అత్త వైపు చూసింది. ఊళ్లు తగలబెట్టిన ఆ కళ్లలో మొదటిసారి బెదురు కనిపించింది.

"మోసం చేశావే ముసలీ!"

"మాట నువ్వే ఇచ్చావు తల్లీ."

దేవత కత్తిని విసిరికొట్టి, ఊడిన తలుపు తొక్కుకుంటూ వెళ్లిపోయింది. వీధి చివరిదాకా ఆమె బొబ్బలు వినిపించాయి.

అత్త చక్రం ముందు కూర్చుని, పొద్దున దర్జీ ఇచ్చి వెళ్లిన కత్తెర చేతిలోకి తీసుకుంది. కత్తెర రాయికి ఆనించి చక్రం తొక్కింది.

కోడలు మెడ తడుముకుంటూ దగ్గరికొచ్చింది. "అత్తా, ఇంతకీ ఎవరి పేరు చెప్పావు?"

"పోయినసారి ఇది నా బుర్రకు తట్టలేదే. తట్టి ఉంటే నా చిన్నాడూ బతికుండేవాడు." అత్త కొంగుతో కళ్లు తుడుచుకుంది. "ఎవరి పేరూ చెప్పలేదు. ‘నీ కత్తికి ఎదురుగా ఏ మనిషి ఉంటే ఆ మనిషిని వదిలెయ్, ఆ ఒక్కరినే’ అన్నాను."