మాస్టారి ప్రథమ ఫలం

"కోతపండుగకి ప్రథమ ఫలం దేవుడికి అర్పించేదాకా ఒక్క పండు కూడా ఎవరి నోట్లోనూ పడకూడదు!"

రేగుచెట్టు కింద నిలబడి ఇమ్మానియేలు మాస్టారు హుకుం జారీ చేశారు. వినడానికి ఉన్నది ఇద్దరే. భార్య జయకుమారి, పనిమనిషి ఆదెమ్మ.

కనిగిరి మెట్టలో ఎవరూ చుక్క నీళ్లు పోయకపోయినా రేగు కాస్తుంది. మాస్టారికి అలా ఊరికే కాసేది నచ్చదు. పొన్నూరు పక్కన, వానొస్తే మోకాలిలోతు బురదయ్యే తన పెరట్లోనే కాయించాలి. సైన్సు మాస్టారు మరి. ఎనభై ఒకటిలో అంటుమొక్క తెచ్చి, నడుమెత్తు మట్టిదిబ్బ పోయించి, దాని మీద నాటారు. గేదె కోసం తెచ్చిన వేరుశనగ చెక్కంతా దాని మొదట్లో వేశారు. చెట్టు బలిసింది, గేదె ఎండింది. పాలమ్మి ఇల్లు నెట్టుకొచ్చే జయకుమారి నోరెత్తితే, "సైన్సు నీకేం తెలుసు?" అనేవారు.

మూడేళ్లూ ప్రతి ఆదివారం చర్చి మెట్ల మీద ఇదే కబురు.

"ఒక్కో పండూ నిమ్మకాయంత ఉంటుందండీ. కాపుకొచ్చిన ఏడు పండక్కి గంపెడు తెస్తాను. తేలేకపోతే సంఘపెద్దగా నా కుర్చీ ఖాళీ చేస్తాను."

పండగ నెలరోజులుందనగా చెట్టు విరగకాసింది. మాస్టారు బడి నుంచి రాగానే కళ్లజోడు సర్దుకుని కొమ్మకొమ్మా వెతికేవారు. ఎన్నాళ్లు చూసినా కాయలు గోళీ సైజు దాటవు.

"అంటుమొక్క అని చెప్పి అడవిరేగు అంటగట్టాడు, దొంగవెధవ!" అని మొక్క అమ్మినవాణ్ణి తిట్టిపోశారు.

"కాస్త ఓపిక పట్టండి" అంది జయకుమారి. పొద్దున్నే లేచి చెట్టుకి నీళ్లు పోసేది ఆమే.

పండగ ముందు శనివారం మాస్టారు ఎవరూ గుర్తుపట్టకుండా తలకి తువ్వాలు చుట్టుకుని పొన్నూరు బజారుకి వెళ్లారు. ఖాజావలి కొట్లో దోర రేగుపళ్లు నిగనిగలాడుతున్నాయి. ఒక్కోటీ నిమ్మకాయంత. గంపెడు కొన్నారు. దేవుడికి తెలిసినా ఫరవాలేదు, సంఘానికి తెలియకపోతే చాలు.

ఆదివారం పాస్టరు యేసుపాదం గారు ఆ గంప పైకెత్తి చూపించారు.

"మాస్టారి విశ్వాస ఫలం చూడండి!"

సంఘమంతా హల్లెలూయ అంది. స్త్రీల వరుసలో జయకుమారి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మొగుడి ఘనతకి పొంగిపోయిందనుకున్నారు పక్కవాళ్లు.

అర్పించిన కానుకల వేలంపాట అయ్యాక పాస్టరు గారన్నారు: "రేపు అందరం వచ్చి చెట్టు చూస్తాం మాస్టారూ. అంటు కట్టుకోడానికి తలా ఒక కొమ్మ ఇవ్వాలి."

మాస్టారు గబగబా ఇంటిదారి పట్టారు. రాగానే కట్టెలు కొట్టే బుల్లయ్యని గొడ్డలితో సహా పిలిపించారు.

"వద్దండీ! బంగారం లాంటి చెట్టండీ!" జయకుమారి అడ్డం పడింది.

"గోళీలు కాసేది బంగారమా? రేపు అది అందరి కళ్లా పడితే నా పరువేం కాను?"

"అది కాదండీ, నేను చెప్పేది..."

"నువ్వు నోర్ముయ్!"

బుల్లయ్య చెట్టుని మొదలంటా నరికాడు. జయకుమారి ఏడుస్తూ కూర్చుంది. చెదలు పట్టిందనీ, అంతా దేవుడి చిత్తమనీ పాస్టరు గారికి కబురు వెళ్లింది.

సోమవారం ఆదెమ్మ ఉత్త గంపతో పొన్నూరు బజారుకి వెళ్లి, "ఇంక పళ్లు రావయ్యా ఖాజావలీ, నెల్లాళ్ల నుంచీ మా అమ్మగారు తెల్లారేసరికి దోరకాయలన్నీ కోసి నీకు పంపిస్తున్న చెట్టుని మా మాస్టారు నిన్న కొట్టించేశారు" అంది.