సీలు వేసిన ముల్లు

"స్టేషన్ మారిందట" అన్న మాట పంచాయతీ ఆఫీసు గడప దాటేసరికి పోలీస్ స్టేషన్ అయిపోయింది. ఊరంతా పండగ చేసుకుంది. ఠాణా ఎక్కడికో పోతోందంటే ఇక కల్లు తాగి తీరిగ్గా కొట్టుకోవచ్చని మగవాళ్లు, కొట్టుకున్నా విడిపించేవాళ్లు ఉండరని ఆడవాళ్లు లెక్కలు వేసుకున్నారు.

అసలు సంగతి తెలిసింది సర్పంచ్ సీతారాంరావు ఒక్కడికే. పొద్దున జీపులో వేములవాడకు పోతూ రేడియో మేస్త్రీ ఆయన చెవిన వేసి పోయాడు. హైదరాబాద్ రేడియో స్టేషన్ అంకెల పట్టీ మీద తన పాత జాగ వదిలేసింది. పంచాయతీ రేడియోలో ముల్లును కొంచెం పక్కకు జరిపితే తప్ప ఇక పలకదు. తనకు వచ్చే వారం దాకా తీరదనీ, తొందరుంటే సర్పంచే సీలు విప్పి జరుపుకోవచ్చనీ చెప్పాడు.

ఆ రేడియో సర్కారు ఇచ్చింది. జనం ముల్లు తిప్పి సినిమా పాటలు వింటారన్న భయంతో దాన్ని హైదరాబాద్ దగ్గర ఆపి, పైన లక్కతో సీలు కొట్టి, పెట్టెకు తాళం వేసి ఇచ్చింది. సర్కారుకు సీలు మీద ఉన్న నమ్మకం జనం శీలం మీద లేదు.

సీతారాంరావు తాళం తీశాడు గానీ సీలు ముట్టలేదు, నోరూ విప్పలేదు. ఆ సాయంత్రమే మగ్గం నేసే రామచంద్రం కొడుకు వెంకటి హైదరాబాద్ స్టేషన్‌లో పాడబోతున్నాడు. సీతారాంరావు కొడుకు అదే స్టేషన్‌కు హార్మోనియం మోసుకుని పోయి, వచ్చేటప్పుడూ హార్మోనియమే మోసుకుని వచ్చాడు. డబ్బాలో ముల్లు కంటే ఆ ముల్లు లోతుగా దిగింది.

దీపాలు పెట్టే వేళకు మగ్గాలన్నీ ఆగాయి. ఊరంతా పంచాయతీ ముందు చేరింది. ముందు వరసలో రామచంద్రం, పక్కన భార్య కమలవ్వ. చలికి ఇద్దరి మోకాళ్ల మీదా ఒకే గొంగడి. వెంకటిని కన్న ఏడాదే జ్వరం తగిలి కమలవ్వకు చెవులు పోయాయి. కొడుకు గొంతు ఎట్లా ఉంటుందో ఆమె ఎరగదు. అయినా కొత్త చీర కట్టుకుని వచ్చి, డబ్బా వైపే కళ్లప్పగించి కూర్చుంది.

సీతారాంరావు మీట నొక్కాడు. డబ్బా బుస్సుమంది. ఎంతసేపు చూసినా అదే బుస.

"దొరా, గిది పాటనా పామా?" అన్నాడు వెనక నుంచి లచ్చయ్య.

"సర్పంచ్ డబ్బా గదా, సర్పమే బుస కొడ్తుంది" అన్నారెవరో. జనం గొల్లుమన్నారు. ఆ నవ్వు తన మీదికి మళ్లకముందే సీతారాంరావు దాన్ని పట్టుకుని వెంకటి మీదికి తోశాడు. డబ్బాలో ఏ లోపమూ లేదనీ, స్టేషన్ వాళ్లే పిల్లగాడిని గేటు దగ్గర ఆపి ఉంటారనీ చెప్పాడు. మగ్గం గుంటలో కాళ్లు ఆడించినంత సులువా పాటంటే, అని సాగదీశాడు. జనానికి అది ఇంకా నచ్చింది. పాట వినడానికి వచ్చినవాళ్లు నవ్వి పోవడానికి సిద్ధమయ్యారు.

రామచంద్రం మాత్రం కళ్లు మూసుకుని తల ఊపుతున్నాడు. గొంగడి కింద ఏదో కదులుతోంది. కమలవ్వ ముఖం వెలిగిపోతోంది.

"గీ వయసుల గొంగడి కింద గా సరసమేందయ్య రామచంద్రం?" అన్నాడు సీతారాంరావు. జనం కడుపులు పట్టుకున్నారు. "నీ కొడుకు ఎట్ల పాడుతుండు?"

"మంచిగనే పాడుతుండు దొరా" అన్నాడు రామచంద్రం, కళ్లు తెరవకుండానే.

ముసలోడి చెవులు కూడా ముసల్దాని దారి పట్టినట్టున్నాయని సీతారాంరావు ఇంకో చలోక్తి విసరబోతుండగా, ఎదురుగా ఉన్న సర్పంచ్ ఇంటి గేటు తెరుచుకుంది. ఆయన భార్య జానకీబాయి కళ్లొత్తుకుంటూ వచ్చి నిలబడింది.

"రామచంద్రం, నీ కొడుకు ఏం పాడిండయ్య. కండ్లల్ల నీళ్లాగలే. మా ఇంట్ల రేడియోల ముల్లు తిప్పి విన్న, ఇప్పుడే అయిపాయె. మీరేంది, గీ బుస ముందట కూసున్నరు?"

నవ్వులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. అన్ని తలలూ సర్పంచ్ వైపు తిరిగాయి. మారింది పోలీస్ స్టేషన్ కాదనీ, రేడియో స్టేషన్ అనీ, పాత జాగలో ఇక బుస తప్ప ఏమీ లేదనీ ఆయన చెప్పక తప్పలేదు. ముల్లు జరపాలంటే సీలు తెంపాలి, తెంపితే కానూన్ ఒప్పుకోదని అబద్ధం కూడా కలిపాడు. కట్టుకున్నదాని ముందు, ఊరి ముందు తానొక్కడే చిన్నవాడైపోవడం ఆయనకు మింగుడు పడలేదు. పక్కన ఇంకెవరైనా అంతే చిన్నగా కనబడాలి.

"సీలు సంగతి ఉండనియ్. పాటే రానప్పుడు నువ్వు దేనికి తలకాయ ఊపినవ్?" అన్నాడు రామచంద్రం మీదికి వంగి.

రామచంద్రం గొంగడి తీశాడు. కమలవ్వ అరచెయ్యి అతని ఒళ్లో ఉంది. అందులో అతని వేళ్లు ఇంకా తాళం వేస్తూనే ఉన్నాయి.

"దీనికి చెవులు లెవ్వు గదా దొరా. పొల్లగాడు ఇంటికాడ పాడినప్పుడల్ల గిట్లనే చేతుల కొట్టి చెప్త. గా డబ్బాల పాట వస్తున్నదనే అనుకుంటుంది. మీ కాళ్లు మొక్కుత, జర ఎవలు చెప్పకుండ్రి."

లచ్చయ్య తల దించుకున్నాడు, అతని వెంట మిగతావాళ్లూ. ఆ వంగిన తలలు తన కొడుకు పాటకే అనుకుందేమో, కమలవ్వ చుట్టూ అందరినీ చూసి మురిసిపోయింది. ఇప్పుడు ఊరందరికీ అన్నీ తెలుసు. తెలియనిది ఆమె ఒక్కతికే.

సీతారాంరావు మెట్లు దిగి వచ్చి కమలవ్వ ఎదుట నిలబడ్డాడు. డబ్బాను చూపించాడు, తన నోరు చూపించాడు, ఖాళీ అరచేతులు రెండూ ఆమె ముఖం ముందు తిప్పాడు. అర్థం కాలేదేమోనని మళ్లీ తిప్పాడు.

కమలవ్వ మొగుడి వేళ్ల వైపు ఒకసారి చూసి, తన చేతిని మెల్లగా వెనక్కి తీసుకుంది.