జోగయ్య గొర్రెలు

ముసలాయన మళ్ళీ వచ్చి కంచె దగ్గర నిలబడ్డాడు.

చూడగానే నూకయ్యకు ఒళ్ళు మండింది.

సముద్రం ఒడ్డున భావనపాడులో వలలు లాగినవాడు నూకయ్య. అత్తవారి ఊరని సాలూరు పక్కకు వచ్చి, బోడికొండ మీద నాటిన మొక్కలకు కాపలా కుదిరాడు. అంతకుముందు నాటినవన్నీ మేకలూ గొర్రెలూ మేసేశాయి. ఈసారీ పోతే కొండ ఇక పచ్చబడదు, తనకు పనీ ఉండదు. అందుకే కళ్ళల్లో వత్తులు వేసుకుని కాస్తున్నాడు.

“ఏటి జోగయ్య మావా, మళ్ళీ వచ్చినావు?”

“గొర్రెలు గెడ్డలోకి దిగి నీళ్ళు తాగాల బావూ. నీ కంచె అడ్డమైపోనాది. కూసింత దారొదులు.”

“దారొదిల్తే మొక్క మిగుల్తాదేటి?”

“మిగల్దు. తినేస్తాయి. అందుకే దారికి అటూ ఇటూ కంచె కట్టమంటన్నాను. మజ్జిన నడిసెల్లి తాగొస్తాయి. మొక్కా బతుకుతాది, అవీ బతుకుతాయి.”

“ఊరి సెరువుకి తోలుకోరాదా?”

“ఊళ్ళోకి రావు బావూ. వస్తే బతకనివ్వరు.”

ముసలాడు వంకలు చెబుతున్నాడనుకున్నాడు నూకయ్య.

“ఇంకోపాలి ఇటొచ్చినావంటే కాళ్ళిరగ్గొడతాను.”

జోగయ్య తలగుడ్డ దులుపుకుని వెళ్ళిపోయాడు.

ఎండలు ముదిరాయి. మొక్కలు మాత్రం నడుమెత్తు లేచాయి. కొండ పచ్చబడుతుంటే నూకయ్య మీసం దువ్వుకున్నాడు.

ఒక మిట్టమధ్యాహ్నం కంచె వెంట తిరుగుతూ పైకి వెళ్ళాడు. అక్కడ జోగయ్య బోర్లా పడి ఉన్నాడు. ఒంట్లో ప్రాణం లేదు. వడదెబ్బ.

పక్కన కావిడి, ఒలికిపోయిన నీళ్ళ డబ్బాలు. కాస్త ఎగువన అడవి అంచులో ఎండిపోయిన సిమెంటు తొట్టె. గెడ్డ నీళ్ళు మోసుకుని, కంచె చుట్టూ తిరిగి, ఇంత కొండా ఎక్కి ఆ తొట్టె నింపుతున్నాడన్నమాట.

దారి వదిలి ఉంటే ఈ మనిషి బతికేవాడు. ఆ ఒక్క మాటే నూకయ్య గుండెల్లో గుచ్చుకుంది.

సాయంత్రం జోగయ్య భార్య గురమ్మ కాళ్ళ మీద పడ్డాడు.

“అమ్మా, మావని నానే సంపేసినాను. ఆ గొర్రెల్ని నాకొగ్గీ. నా సొంతం అనుకుని మేపుతాను. మందెక్కడున్నాది?”

కొండ పైనుంచి కుక్కలు అరిచినట్టు అరుపులు వినబడ్డాయి. గురమ్మ అటు చూసి కొంగు నోట్లో కుక్కుకుంది.

“మందేటి నాయనా, మాకు మేకపిల్లయినా లేదు.”

“మరి గొర్రెలన్నాడు గదమ్మా?”

“సముద్రం పక్కోడివి, నీకు తెల్దు. ఆ అరిసేవి కుక్కలు కావు, కొండగొర్రెలు. అడవిలో తిరిగే సిన్న జింకలు. మావు ఉత్తినే గొర్రెలంటాం. ఆటికి నీళ్ళు పోయడానికే మా ముసిలోడు కొండెక్కీవోడు.”