శుభ్రం చేసిన టేపు

“ఆపు! ముందు దాన్ని ఆపవయ్యా!”

మామగారు కుర్చీలోంచి దిగ్గున లేచారు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ‘అల్లుడుగారూ, మీరు’ అనడం తప్ప మరో పిలుపెరగని పెద్దమనిషి నోట ‘ఆపవయ్యా’ అని వచ్చేసరికి అల్లుడు బిత్తరపోయాడు. గబగబా వెళ్ళి స్పూల్ ప్లేయర్ మీట నొక్కాడు. తిరుగుతున్న రెండు చక్రాలూ ఆగిపోయాయి.

“ఏమైంది మావయ్యగారూ?”

“గ్లాసులేవి?”

“ఏ గ్లాసులండీ?”

“ఇక్కడ ట్రే పడాలి. గ్లాసులన్నీ భళ్ళున పగలాలి. జనం గొల్లున నవ్వాలి. ఏం చేశావు వాటిని?”

ఓస్, ఇదా సంగతి అనుకున్నాడు అల్లుడు. మొహం వెలిగిపోయింది. అతను రికార్డింగ్ స్టూడియోలో ఇంజనీరు. గాయకుల ఊపిరి చప్పుడు కూడా ఏరిపారేసే రకం. బ్యాంకు మేనేజరుగా రిటైరైన మామగారికి జాజ్ అంటే ప్రాణం. గోడ పొడుగునా రికార్డులే. అయినా ఎవరు తన ఇంటికొచ్చినా రెండు స్పీకర్లకీ నడిమధ్య కుర్చీలో కూర్చోబెట్టి, ఏదో క్లబ్బులో ఏదో బృందం వాయించిన ఈ ఒక్క టేపే వినిపిస్తారు. బజారులో దొరకని టేపు, ఇంకెవరి దగ్గరా లేని టేపు. ఆయన పుట్టినరోజుకని, ఆయనకి తెలియకుండా కంప్యూటర్లోకి ఎక్కించుకెళ్ళి శుభ్రం చేసి తెచ్చాడు అల్లుడు.

“తీసేశానండీ. శాక్సఫోన్ అంత కమ్మగా సాగుతుంటే మధ్యలో ఆ దరిద్రపు మోతేమిటి, కొత్త చొక్కా మీద సిరా ఒలికినట్టు! ఆ మోత కింద మునిగిపోయిన శాక్సఫోన్ ముక్కకి బదులు, అలాంటిదే ముందు వాయించిన చోటు నుంచి తెచ్చి అతికించాను. ఎక్కడన్నా అతుకు తెలుస్తోందా, చెప్పండి.”

“అంటే, ఆ శాక్సఫోన్ విద్వాంసుడు వాయించనిది ఆయన చేత వాయించావన్నమాట!”

“అది కాదండీ…”

“ఆ తర్వాత ఆయనేం చేశాడో విన్నావా అసలు? గ్లాసులు పగిలిన వరస అలాగే పట్టుకుని, టకటకా మెట్లు దిగినట్టు దిగి, పాటలోకి కలిపేసుకున్నాడు మహానుభావుడు! జాజ్ అంటే అదయ్యా. ఇప్పుడాయన ఎవరికి జవాబు చెబుతున్నాడు? గాలికా?”

అల్లుడికి ఒళ్ళు మండింది. ఎన్ని ఆదివారాలు ధారపోశాడు! హెడ్‌ఫోన్లు పెట్టీ పెట్టీ చెవులు దిబ్బళ్ళు పడ్డాయి. మెచ్చుకోలు దేవుడెరుగు, దొంగని నిలదీసినట్టు నిలదీస్తున్నారు. ఇంతకంటే ఒక చొక్కా కొనిచ్చి చేతులు దులుపుకుంటే పోయేది.

అరుపులకి మామగారి కూతురు లోపల్నుంచి పరిగెత్తుకొచ్చింది. “ఏమిటి నాన్నా ఇది? నా పెళ్ళిలో కూడా ఇంత గొడవ జరగలేదు!”

“నీ మొగుడు నా టేపు నాశనం చేశాడు.”

“బాగు చేశాను!” అన్నాడు మొగుడు.

మామగారు ఊపిరి పీల్చుకుని గొంతు తగ్గించారు. “సరే. అయిందేదో అయింది. పాతది ఎక్కించు.”

“పాతదంటూ లేదండీ. ఈ స్పూళ్ళు ఇప్పుడెక్కడ దొరుకుతున్నాయి? శుభ్రం చేసింది దీని మీదే ఎక్కించాను.”

“మీ కంప్యూటర్లో ఉంటుంది కదా?”

“పనైపోయాక చెత్త ఎవరు దాచుకుంటారండీ? తుడిచేశాను.”

ఆయన కుర్చీలో కూలబడిపోయారు. ఆంప్లిఫయర్ మీద గాజు బుడ్డుల్లాంటి వాల్వులు ఇంకా ఎర్రగా వెలుగుతూనే ఉన్నాయి. మామూలుగా అయితే, చల్లారడానికి కాస్త టైమివ్వాలని చంటిపిల్లని పడుకోబెట్టినంత జాగ్రత్తగా ఒక్కొక్క మీటా కట్టేసే మనిషి. ఇప్పుడు వాటి వైపే చూడలేదు. కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

అది చూస్తే అల్లుడికి జాలి వేయాల్సింది. కానీ కోపం రెట్టింపయింది. ఎవరో చేసిన వెధవ పనికి తను ఇంత మాట పడాలా?

“నన్నంటారేంటండీ? అసలు తప్పంతా ఆ ట్రే పడేసిన వాడిది! వాడికున్నది ఒక్కటే పని, ట్రే పట్టుకుని నాలుగడుగులు నడవడం. అది కూడా చేతకాలేదు. అంత గొప్ప విద్వాంసుల కచేరీ పాడుచేసిన ఆ దద్దమ్మని వదిలేసి, దాన్ని బాగుచేసిన నన్ను తిడుతున్నారు. ఇదెక్కడి న్యాయం?”

“నిజమే కదా నాన్నా,” అంది కూతురు. ఆమెకి మొగుడి కష్టం తెలుసు. ఇంట్లో అతను అన్నం కూడా హెడ్‌ఫోన్లతోనే తిన్నాడు. “అంతమందిలో అంత కంపు చేసిన వాణ్ణి ఆ పూటే పనిలోంచి పీకేసి ఉంటారు. ఆ క్లబ్బు వాళ్ళే వద్దనుకున్న మనిషి మోత మనకెందుకు చెప్పు?”

“పీకేశారు,” అన్నారు మామగారు.

“అది కూడా ఆ టేపులో ఉందాండీ?” అన్నాడు అల్లుడు వెటకారంగా. “లేకపోతే మీకెలా తెలుసు?”

ఆయన లేచి వెళ్ళి, ఆగిపోయిన చక్రం మీద వేలు ఆనించి నిలబడ్డారు.

“ఆ దద్దమ్మని నేనేనయ్యా. ఆ టేపు మొత్తంలో నేను వాయించింది అదొక్కటే.”