వరహాలమ్మ చుట్టాలు

ఆ రోజుల్లో గడ్డం గీయడానికీ, గాజులు తొడగడానికీ కూడా లైసెన్సు కావాలి. పెళ్లికూతుళ్లకు పూలజడ కుట్టాలంటే రెండేళ్ల కోర్సు చదవాలి. తునిలో వరహాలమ్మ మాత్రం నలభై ఏళ్లుగా ఏ కోర్సూ లేకుండానే కుడుతోంది. చుట్టాలకు కుడితే తప్పు లేదని చట్టంలో ఒక్క వాక్యం ఉంది. అందుకని ఊళ్లో ఆడపిల్లలందరూ ఆమెకు మేనకోడళ్లయ్యారు.

ఒక పెళ్లినాడు, జడ సగంలో ఉండగా ఇన్‌స్పెక్టర్ దొరబాబు వచ్చాడు. అతని చేతిలో విన్న ప్రతి మాటనూ నమోదు చేసే పలక ఉంది.

"సూది కింద పెట్టండి. ఈ అమ్మాయి మీకేమవుతుంది?"

ముహూర్తం గంటలో ఉంది. పెళ్లికూతురి కళ్లలో నీళ్లు తిరిగాయి. వరహాలమ్మ మాత్రం చెయ్యి ఆపలేదు.

"చెప్తాను గానీ బాబూ, ఎండనపడొచ్చావు, కూర్చో. మీ అమ్మగారిది ఏ ఊరు?"

"పెద్దాపురమండి."

"పెద్దాపురంలో ఎవరి తాలూకు?"

"బట్టలకొట్టు సూరన్న గారి అమ్మాయండి."

"ఓరి నీ ఇల్లు బంగారంగానూ! సూరన్న నాకు బాబాయి వరస. పెద్దమ్మని పట్టుకుని అండీ గిండీ అంటావేంట్రా?"

దొరబాబు తడబడ్డాడు. "అది కాదు పెద్దమ్మా..."

"పెద్దమ్మ, నమోదైంది," అంది పలక. "అధికారి సొంత చుట్టాలను తనిఖీ చేయరాదు."

పెళ్లికూతురు ఫక్కున నవ్వింది. జడ ముహూర్తానికి ముందే పూర్తయింది.

ఆ ఏడాది మరో ఆరుగురు అధికారులు వచ్చారు. శ్రీకాకుళం వాడు అల్లుడయ్యాడు, కడపావిడ వదినయింది. చివరికి ఆమెకు చుట్టం కాని ఉద్యోగి దొరక్క ప్రభుత్వం పూలజడలకు లైసెన్సే ఎత్తేసింది.

ఆ కబురు విని వరహాలమ్మ కాస్త దిగులుపడింది. ఇక కొత్త చుట్టాలెవరూ రారు కదా!