మిరుగం చేపలు

“ఇయ్యాల ఎక్కుతయ్ సారూ. సూడు కావాల్నంటే,” అంది ఇంటి యజమానురాలు ఎస్తేరమ్మ.

నిన్నా ఇదే మాట అంది. మొన్నా ఇదే. పట్టాభికి ఏడుపొక్కటే తక్కువ.

అరవై తొమ్మిది, జూన్. ప్రత్యేక తెలంగాణ ఉద్యమం భగ్గుమంటోంది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఆ గల్లీ చివర కర్రలు పట్టుకుని పది మంది కాపలా. బంద్. రిక్షా కూడా కదలకూడదు. పాలకని వెళ్లిన పక్కింటి గుంటూరు గుమాస్తా తలకు కట్టుతో తిరిగొచ్చాడు. పట్టాభిది రాజమండ్రి. నోరు విప్పితే చాలు, ఊరి పేరు చెప్పక్కర్లేదు.

లోపల భార్య సూర్యప్రభకు పొద్దున్నే నొప్పులు మొదలయ్యాయి. బిడ్డ అడ్డం తిరిగిందని, నొప్పులు రాగానే మలక్‌పేట ఆస్పత్రికి తెచ్చెయ్యమని డాక్టరమ్మ ముందే హెచ్చరించింది. ఆలస్యమైతే ఇద్దరూ దక్కరు.

ఇక ఆశంతా చేపల మీదే. మృగశిర కార్తెలో, ఇక్కడివాళ్లనే మిరుగంలో, తొలి వరదకు సరూర్‌నగర్ చెరువు చేపలు వాగుకు ఎదురెక్కుతాయి. ఆ కేక వినబడిందా, గల్లీలో మగాడన్నవాడు మిగలడు. గంప, గొడుగు, పాత చీర, ఏది దొరికితే అది పట్టుకుని ఉరుకుతారు. ఆ కాసేపట్లో జారుకోవాలి.

“చీమలు గుడ్లు మోస్తున్నయ్. ఉక్క పానం తీస్తున్నది. మిరుగం చేప ఇయ్యాల తప్పదు,” అంది ఎస్తేరమ్మ.

“మా గోదారికి ఎర్రనీళ్లు వస్తేగానీ పులస ఎదురీదదండీ. ఇక్కడ చినుకే లేదు కదండీ!”

“వాన రాకడ, పానం పోకడ ఎవరికెరుక...” అనేసి ఎస్తేరమ్మ నాలిక కరుచుకుంది. “ప్రభువా! నా నోట్ల మన్నువడ!”

“పోనీ మీరెళ్లి వాళ్లను బతిమాలితే?”

“ఒక్కడు ఇన్నా పది మంది ఇనరు సారూ. మీరు ఉన్నరని ఎరుకైతే ఇంటి మీదికొస్తరు.”

తలుపు దబదబ మోగింది. పట్టాభి తలుపు చాటున నక్కాడు. ఎస్తేరమ్మ తీసింది.

బక్కయ్య. ఆ కాపలా మందికి పెద్ద. చేతిలో కర్ర.

“అవ్వా, నీ ఇంట్ల ఆంధ్రోళ్లున్నరంట?”

“కిరాయికున్నోళ్లా? ఎప్పుడో ఊరికి పోయిన్రు.”

సరిగ్గా అప్పుడే సూర్యప్రభ కెవ్వుమంది. పట్టాభి పైప్రాణాలు పైనే పోయాయి.

“మా చెల్లె. కడుపునొప్పి,” అంది ఎస్తేరమ్మ.

బక్కయ్య కదల్లేదు. లోపలికే చూస్తూ నిలబడ్డాడు.

“అవ్వా, ఈసారి చేపలెప్పుడెక్కుతయంటవ్?”

“వాగు ఎగువకు, నాదర్‌గుల్ దిక్కు మబ్బు పట్టింది. ఆడ పడ్డదంటే ఇయ్యాలనే.”

అతను గిర్రున తిరిగి వెళ్లిపోయాడు.

“మందిని తోలుకరానీకే పోయిండు,” అంటూ ఎస్తేరమ్మ గొళ్లెం పెట్టి, రోకలి కూడా అడ్డం పెట్టింది.

పట్టాభి ఏడ్చేశాడు. “నన్నేం చేసినా ఫర్వాలేదండీ. దాన్ని మాత్రం ముట్టుకోనివ్వకండి.”

కాసేపటికి గల్లీ చివర గోల. అడుగుల చప్పుడు. ఇటే. పట్టాభి వెళ్లి భార్యకు అడ్డంగా నిలబడ్డాడు.

“వాగొచ్చింది! చేపలెక్కుతున్నయ్! ఉరుకుండ్రి!”

అడుగులు ఇల్లు దాటి చెరువు వైపు పోయాయి.

ఎస్తేరమ్మ తలుపు సందులోంచి తొంగిచూసింది. “ఒక్క పురుగు లేదు. నే చెప్పలే? నడువుండ్రి, నడువుండ్రి!”

ఇద్దరూ చెరో రెక్కా పట్టుకుని సూర్యప్రభను నడిపించారు. గల్లీ చివర కర్రల్లేవు, మనుషుల్లేరు. మూల తిరిగేసరికి ఒక రిక్షా. దాన్ని తొక్కే మట్టయ్య అక్కడే నిలబడి వీళ్ల వైపే చూస్తున్నాడు.

పట్టాభి టక్కున ఆగిపోయాడు. ఊరంతా చేపలకు పోతే వీడొక్కడూ ఇక్కడెందుకున్నాడు?

“నువ్వు... చేపలకు వెళ్లలేదా?”

“చేపలేడియి సారూ, వాగే రాలే,” సూర్యప్రభను ఎక్కించుకుంటూ అన్నాడు మట్టయ్య, “నన్నీడ నిలబెట్టి, గా కేకేసి అందర్ని ఉరికిచ్చింది బక్కయ్యనే.”